వెలివాడలో మరో వెలి

వెలి అంటే ఏంటో మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మాదిగపల్లెలో పుట్టినోళ్ళకి అది నిఘంటువులో మాట కాదు, ఇంటి చిరునామా. బావి కాడ వెలి, గుడి కాడ వెలి, టీ బంకు కాడ గ్లాసుకి వెలి. చుండూరులో 1991 ఆగస్టు 6న మనోళ్ళని నరికి గోతాల్లో కుక్కి కాలవలో వెయ్యకముందు ఊరు చేసిన పనేంటి? మాలపల్లెని వెలెయ్యడం. రోహిత్ వేములనీ మరో నలుగుర్నీ 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేస్తే, వాళ్ళు ఆరుబయట వేసుకున్న డేరాకి పెట్టుకున్న పేరేంటి? వెలివాడ.

ఇన్ని తరాలు వెలిలో బతికి, ఆ వెలి తప్పించుకుందామనే ఆశతో మనం ఒక గుమ్మం ఎక్కాం. ఆ గుమ్మం లోపల మనోడే మన మీద మళ్ళీ వెలి కత్తి ఎత్తితే దాన్నేమనాలి? దేవుడి చిత్తమనాలా? నేననను.

నేను సర్కారు బళ్ళో సోషల్ చెప్పే టీచర్ని. మా ఇంట్లోనే కాదు, మా అమ్మవైపు, నాయనవైపు రెండు వంశాల్లోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక మందిరంలో పెరిగాను. 2016లో బయటికొచ్చాను. మందిరం పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కటే అట్టాంటిదనుకుని, మిగతా వాటిల్లో ఉన్నోళ్ళు హాయిగా నిద్రపోతారు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మందిరం నుంచి కబురొచ్చింది. నేనొక ఆదివారం వచ్చి, మైకు ముందు నిలబడి, తిరుగుబాటు చేశానని ఒప్పుకోవాలంట. ఒప్పుకుంటే మా అమ్మ నా ఇంట్లో అన్నం తినొచ్చంట. ఇప్పటిదాకా మా అమ్మ నన్ను చూడ్డానికొస్తే గుమ్మం బయట అరుగు మీద కూర్చుంటది. తన సీసాలో నీళ్ళు తను తెచ్చుకుంటది. చదివేవాళ్ళు ఒక్కసారి ఆగి ఆలోచించండి. గుమ్మం బయట కూర్చోడం, నీళ్ళు వేరే తెచ్చుకోడం. ఈ పద్ధతి ఎవరిది? ఎవరి దగ్గర నేర్చుకున్నారు మీరు?

ఇది ఆ కబురుకి జవాబు.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను క్రీస్తుని తిట్టడానికి కూర్చోలేదు. మా ప్రకాశం జిల్లా మాదిగోళ్ళకి అక్షరం ఇచ్చింది ఊరి పంతులు కాదు, మిషను బడి. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారని ఇప్పటికీ ఎక్కిరిస్తారు గదా, ఆ కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్ళల్లో మునిగి లేచారు. ఎక్కువమంది మాదిగలే. క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. పల్లెపల్లెకీ నడిచి చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్య మావాడని ఎంతమందికి తెలుసు? చచ్చిన గొడ్డు తినం, అమ్మవారి జాతరలో డప్పు కొట్టం, ఆదివారం వెట్టికి రాం అని చెప్పే దమ్ము ఆ నీళ్ళల్లోంచి వచ్చింది. మా అవ్వ సంతకం నేర్చుకుంది రాత్రిబడిలో, బైబిలు అక్షరాల మీద వేలు పెట్టి. దాన్ని నేను మర్చిపోను.

మందిరం వేరు. అది మిషనూ కాదు, పాత సంఘమూ కాదు. పట్నంలో ఒక పెద్దాయనకి దర్శనం వచ్చిందని మొదలైంది. మా పల్లెకి ఎనభైల్లో పాకింది. మా కులపాయన్నే సేవకుణ్ణి చేశారు. మొదట్లో చాలా మంచి జరిగింది, అబద్ధమాడకూడదు. మా నాయన సారా మానేశాడు. అమ్మని కొట్టడం మానేశాడు. ఎవరింట్లో జబ్బు చేసినా పదిమంది వచ్చి కూర్చునేవాళ్ళు. పొద్దున్నుంచీ ఊళ్ళో "ఏమేయ్" అనిపించుకున్న మా అమ్మని సాయంత్రం మందిరంలో "సహోదరీ" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు విలువ పుట్టుకతోనే "గారూ" అనిపించుకున్నోళ్ళకి అర్థం కాదు. అందుకే ఉచ్చు అనే మాట నేను తేలిగ్గా వాడను. మాకు దొరికిన మర్యాద నిజమే. ఆ మర్యాదకి కట్టిన ఖరీదు దగ్గరే నా తగువు.

ఖరీదు ఒక్కసారిగా అడగరు. ముందు పూలు తీసెయ్యమన్నారు. తర్వాత కమ్మలు. మా అమ్మ కమ్మలు కుదవ నుంచి విడిపించి మూడు నెల్లు కాలేదు, తీసి కానుక పెట్టెలో వేసింది. తర్వాత సినిమా, టీవీ. తర్వాత చుట్టాల పెళ్ళిళ్ళు, ఎందుకంటే అక్కడ లోకస్థులుంటారు. లోకస్థులంటే ఎవరు? మా మేనమామలు. వారానికి ఏడు కూడికలు, శుక్రవారం రాత్రంతా ప్రార్థన. తెల్లారి మిరపకాయల కోతకెళ్ళిన ఆడమనిషి కళ్ళు మూతలు పడతంటే ఆమెలో సోమరి దయ్యం ఉందనేవాళ్ళు. నిద్ర చాలని మనిషి ప్రశ్న అడగదు. ఇది తెలుసుకోడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, మా అమ్మ మొహం చూస్తే చాలు.

దశమభాగం కవర్ల మీద పేర్లు రాసుండేవి. ఎవరు ఎంత వేశారో, ఎవరిది తగ్గిందో నెలాఖరున పైనుంచి చదివేవాళ్ళు. తగ్గినోళ్ళు లేచి నిలబడాలి. ఏ సంబంధం చేసుకోవాలో అయ్యగారు చెప్పాలి. ఏ కాలేజీలో చేరాలో అయ్యగారు చెప్పాలి. ఎదురు చెబితే బైబిల్లోంచి మిర్యాముకి కుష్ఠు వచ్చిన కథ తీస్తారు, కోరహుని నేల మింగిన కథ తీస్తారు. దైవసేవకుడి మీద గొణిగితే అంతేనంట. మోషేకి దేవుడు చెప్పింది మోషే వరకే అని, మా పల్లె అయ్యగారికి ఎవరు రాసిచ్చారని, అడిగే నోరు ఎవరికుంది?

ఇంకొకటుంది. ఒప్పుకోళ్ళ నోటుపుస్తకం. పన్నెండేళ్ళు దాటిన ప్రతి పిల్లకీ పిల్లోడికీ ఒక నోటుపుస్తకం. వారంలో చేసిన పాపాలూ, వచ్చిన చెడు ఆలోచనలూ రాసి శనివారం అయ్యగారికివ్వాలి. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల ఏం రాసుద్దో మీరే ఊహించుకోండి. అది ఆయన చదివి బీరువాలో పెట్టుకుంటాడు. దేవుడు పాపాల్ని మర్చిపోతాడనే చెప్పేవాళ్ళు. బీరువా మాత్రం మర్చిపోదు. ఐదేళ్ళ తర్వాత నువ్వు నోరెత్తితే, ఆ పేజీ ప్రసంగంలోకొస్తది, పేరు లేకుండా. పల్లెలో పేరు లేకపోతే మాత్రం ఎవరికి తెలీదు?

ఇప్పుడు మా నాయన సంగతి.

మా నాయన గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగు పని చేసేవాడు. 2005లో దగ్గు పట్టుకుంది. ఒళ్ళు చిక్కిపోయింది. సర్కారు ఆస్పత్రిలో గళ్ళ పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెల్ల కోర్సు. అప్పట్లో ఒక్కో రోగికీ ఆ కోర్సు మొత్తం మందులు పేరు రాసి ఒక డబ్బాలో పెట్టేవాళ్ళు. మా నాయన పేరు మీద అచ్చంగా ఆయనకోసమే ప్రభుత్వం పంపిన వస్తువు బహుశా అదొక్కటే. రెండు నెల్లు మింగాడు. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. టీబీ మందుల స్వభావమే అది. రెండు నెల్లకే మనిషి తేరుకుంటాడు, పురుగు మాత్రం లోపలే ఉంటది. అందుకే ఆరు నెల్లూ ఆపకూడదని నర్సమ్మ పదేపదే చెప్పింది.

అయ్యగారు ఆ తేరుకున్న మనిషిని చూశాడు. ఆదివారం సాక్ష్యం చెప్పించాడు. స్వస్థత అయిపోయిందని, ఇంకా మందు మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనని అన్నాడు. మా నాయన ఆ డబ్బా తీసుకెళ్ళి బల్ల దగ్గర పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. మా నాయనకి జీవితంలో ఎవరన్నా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

నాలుగు నెల్లకి రక్తం పడింది. మళ్ళీ ఆస్పత్రికి పోతానంటే ఉపవాస ప్రార్థన పెట్టారు. 2006 ఎండాకాలంలో చనిపోయాడు. సమాధి మట్టి ఆరకముందే ప్రసంగం. ఈ ఇంట్లో దాచిన పాపం ఉంది, అందుకే స్వస్థత నిలవలేదు అని. అందరి కళ్ళూ ఎటు తిరిగాయి? నా వైపు. ఇంటర్ అయిపోయి, డిగ్రీకి ఒంగోలు పోవాలని అప్లికేషన్ పెట్టిన పిల్ల వైపు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. నాయన చావుని నా పుస్తకాల సంచిలో పెట్టి పంపారు.

నేనడుగుతున్నా. మందు పనిచేస్తే దేవుడు గొప్పోడా? మందు ఆపించాక మనిషి పోతే కూతురు పాపాత్మురాలా? గెలుపు మీది, ఓటమి మాది. మా కామందులు పంట పంచిన లెక్క కూడా ఇట్టానే ఉండేది. పండితే వాళ్ళ భూమి మంచిదంట, ఎండితే మా చెయ్యి మంచిది కాదంట.

ఇదంతా మా పల్లె మూఢత్వం అని కొట్టేసేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికా మానసిక వైద్యుడు, చైనాలో "ఆలోచనల సంస్కరణ" పేరుతో జరిగిన దానికి గురై బయటపడ్డోళ్ళతో హాంకాంగ్‌లో కూర్చుని మాట్లాడి, 1961లో ఒక పుస్తకం వేశాడు. మనిషి మనసుని మొత్తంగా పట్టుకునే గుంపులకి ఎనిమిది లక్షణాలు చెప్పాడు. బయటి సమాచారం రానివ్వకపోవడం, అందుకోలేనంత పవిత్రత అడగడం, ఒప్పుకోళ్ళు చేయించడం, తమకంటూ ఒక భాష పెట్టడం, ఎవరు బతకదగ్గవాళ్ళో ఎవరు కాదో తామే తేల్చడం. ఆయన చూసింది దేవుడే లేడన్నోళ్ళ చేతుల్లో నలిగినోళ్ళని. నేను చూసింది దేవుడు తప్ప ఇంకేం లేదన్నోళ్ళని. నోటుపుస్తకం మాత్రం రెండుచోట్లా ఒకటే. కాబట్టి ఇది ఏ దేవుణ్ణి నమ్ముతారనే దాని మీద లేదు. పెత్తనం ఎట్టా నడుపుతారనే దాని మీద ఉంది.

జోన్స్‌టౌన్ సంగతి చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. జిమ్ జోన్స్ అనే తెల్ల పాస్టరు నలుపూ తెలుపూ ఒకే బల్ల మీద కూర్చునే గుడి కట్టాడు. నల్లోళ్ళు, అందులోనూ ముసలి ఆడోళ్ళు, పింఛను డబ్బులు తెచ్చి చేతిలో పోశారు. ఆయన వెంట గయానా అడవిలోకి వెళ్ళారు. పాస్‌పోర్టులు తీసేసుకున్నాడు. 1978 నవంబరు 18న 918 మంది చనిపోయారు. మూడొందలకి పైగా పిల్లలు. చనిపోయినోళ్ళలో మూడింట రెండొంతులు నల్లవాళ్ళు. సమానత్వం కావాలనుకోవడం వాళ్ళ నేరమా? హర్యానా సిర్సాలో డేరా సచ్చా సౌదాకి అంతమంది దళితులు ఎందుకెళ్ళారు? అక్కడ కులం పేరు తీసేసి అందరూ "ఇన్సాన్" అని పెట్టుకుంటారు గనక. ఆ డేరా అధిపతి తన భక్తురాళ్ళు ఇద్దర్ని చెరిచాడని 2017 ఆగస్టులో కోర్టు తేల్చి ఇరవై ఏళ్ళు శిక్ష వేసింది. ఎక్కడైనా చూడండి, అణిగినోళ్ళు మర్యాద వెతుక్కుంటా పోతారు. ఆ దారి పక్కనే ఒకడు కూర్చోనుంటాడు.

మా దగ్గర ఇంకో సంకెల కూడా ఉంది, అది అమెరికాలో లేదు. కులం సర్టిఫికెట్.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానోడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీని బీసీ-సీ అంటారు. మతం మారితే ఊళ్ళో గ్లాసు మారుతుందా? శ్మశానం మారుతుందా? కారంచేడులో 1985లో గొడ్డలి ఎత్తినోడు మతం అడిగి ఎత్తాడా? 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసులో, మతం మారినోడికి ఆ చట్టం వర్తించదని చెప్పింది. ఈ ఉత్తర్వు మనకి చేసిన అన్యాయం గురించి చాలామంది రాశారు. అది లోపలి పెత్తందార్ల చేతికి ఏ ఆయుధం ఇచ్చిందో ఎవరూ రాయలేదు. నేను రాస్తా.

మందిరంలో బాప్తిస్మం రిజిస్టరు ఉంటది. తారీఖు, సంతకం, ఫోటో. బయటికి పోతానన్న ప్రతి ఉద్యోగస్తుడికీ ఒక పెద్ద వచ్చి మెల్లగా చెబుతాడు. "అమ్మా, ఎమ్మార్వో ఆఫీసుకి ఒక్క కాగితం పోతే నీ ఉద్యోగం ఏమవుద్దో ఆలోచించుకో." నాతోనూ అన్నారు. అంటే ఏంటి? చట్టం మనల్ని దాక్కునేలా చేసింది, దాక్కున్నోడి తాళంచెవి అయ్యగారి దగ్గరుంది. నేను మాదిగదాన్ని. పుట్టినప్పుడు మాదిగదాన్ని, మునిగినప్పుడూ మాదిగదాన్ని, లేచినప్పుడూ మాదిగదాన్నే. పంపుకోండి మీ కాగితం. అదే కాగితం మీద పల్లె మొత్తం పేర్లు ఉన్నాయి, మీ కొడుకు పేరుతో సహా.

నేను బయటికొచ్చిన కారణం చిన్నది. 2014 డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక నా జీతం మీద నా పెళ్ళి నిర్ణయమైంది. పట్నం పెద్దాయన బంధువు, భార్య పోయినవాడు. నేను కాదన్నా. నేను చేసుకుంటానన్న మనిషి మాల, నాతో బీఈడీ చదివినవాడు. మందిరంలో కులం లేదన్నోళ్ళు మాల సంబంధం అనగానే ఎగిరి పడ్డారు. అది వేరే కథ, ఇక్కడొద్దు. ఒక ఆదివారం నా పేరు చదివారు. ప్రభువు బల్లకి దూరం పెట్టారు. ఆరోజు నుంచి నాతో మాట్లాడినోళ్ళకీ అదే శిక్ష. చిన్నప్పట్నుంచీ ఎత్తుకు పెంచిన పిన్ని బస్టాండులో నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది.

బయటికొస్తే స్వేచ్ఛ అనుకుంటారు చూడనోళ్ళు. మొదటి ఏడాది నేను సగం మనిషిని. ఆదివారం పొద్దున ఎనిమిదయ్యేసరికి అరచేతులు చల్లబడేవి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వీధిలో ఎవరూ కనపడకపోతే, రాకడ వచ్చేసింది, అందరూ ఎత్తబడ్డారు, నేనొక్కదాన్నే మిగిలిపోయానని గుండె ఆగినంత పనయ్యేది. చీరల కొట్లో నిలబడి ఏ రంగు తీసుకోవాలో తెలిసేది కాదు. నలభైమంది పిల్లలకి ప్రాథమిక హక్కులు చెప్పే మనిషిని, తలనొప్పి బిళ్ళ వేసుకోవాలంటే చుట్టూ చూసేదాన్ని. పిల్లలు క్లాసులో చెయ్యెత్తి "ఎందుకు టీచర్?" అంటే ఒళ్ళు జలదరించేది. ఎందుకు అనే మాట మా పల్లెలో సైతాను మాట. ప్రభుత్వ ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె బిళ్ళలు కొన్నాళ్ళు నిద్రకి పనికొచ్చాయి. భయానికి వేరే మందు కావాల్సొచ్చింది.

ఆ మందు మనుషులే. మా బడి హిందీ మేడం, సాయిబుల ఆడమనిషి, రోజూ కేరేజీలో సగం నా ముందుకి తోసేది. ఎందుకొచ్చావు, ఏం జరిగింది అని ఒక్కరోజు అడగలేదు. తిను అనేది, అంతే. ఆమె కేరేజీ తింటా నేను మళ్ళీ మనుషుల్ని నమ్మడం మొదలుపెట్టా. రెండోది మా పొరుగింటి అక్క. ఆమె పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుందని నా చిన్నతనంలోనే వెలేశారు. మేం పిల్లలం దొడ్డిదారిన పోయి ఆమె చేత్తో బెల్లంముక్క తినేవాళ్ళం. వెతుక్కుంటా పోతే చీరాలలో ఉంది, మిషను కుట్టుకుంటా. ఇద్దరం కూర్చుని మందిరం మాటలు ఒక్కొక్కటే కాగితం మీద రాశాం. "ఆత్మీయ క్రమశిక్షణ" అని రాసి ఎదురుగా "మాట్లాడకపోవడం" అని రాశాం. "లోబడటం" అని రాసి "భయం" అని రాశాం. "అభిషిక్తుడు" దగ్గరికి వచ్చేసరికి అక్క "చింతలూరు తాలూకా మున్సబు" అంది. అట్టాంటి మున్సబు ఎవరూ లేరు, ఆమె అన్న తీరుకి నవ్వు ఆగలేదు. పదేళ్ళలో మొదటిసారి మందిరం తలుచుకుని నవ్వాను. ఇప్పుడు అట్టా బయటికొచ్చినోళ్ళం ఏడుగురం. రెండో శనివారం కలుస్తాం. ఇద్దరు ఇంకా ప్రార్థన చేసుకుంటారు, వేరే సంఘానికి పోతారు. ఒకాయన బుద్ధుడి ఫోటో పెట్టుకున్నాడు. నాకు ఏ ఫోటో లేదు. ఎవరూ ఎవర్నీ మార్చం.

చట్టం వైపు చూశా, టీచర్ని గదా. 1949లోనే బొంబాయి రాష్ట్రం మతపెద్దలు వెలెయ్యడాన్ని నిషేధిస్తా ఒక చట్టం చేసింది. దావూదీ బోరాల మతగురువు కోర్టుకెళ్ళాడు. 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, వెలెయ్యడం ఆయన మతహక్కంట. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద మళ్ళీ చట్టం చేసుకుంది. 1962 తీర్పు మీద మాట 2023లో తొమ్మిదిమంది జడ్జీల ముందుకి పంపారు. మరి అట్రాసిటీ చట్టం? 2015 సవరణలో సాంఘిక బహిష్కరణని నేరంగా చేర్చారు, మంచిదే. కానీ ఆ చట్టం కదలాలంటే వెలేసినోడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు. నన్ను వెలేసినోడు మా కులపాయన. మన పల్లెలో మనం వెలేసిన మనిషికి ఏ సెక్షనూ లేదు.

జాషువా క్రైస్తవుడై ఉండి పురాణాల మీద కావ్యాలు రాశాడని సంఘ పెద్దలు ఆయన్ని వెలేశారని చదువుకున్నాం. ఊరివాళ్ళకి అంటరానోడు, సంఘానికి బహిష్కృతుడు. ఆయన విగ్రహాలకి దండలేసే పాస్టర్లూ, కవులూ ఆ రెండో వెలి గురించి ఎందుకు మాట్లాడరు?

అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గాని రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అన్నాడు. ఈ పాఠం పదో తరగతికి చెప్పినప్పుడల్లా నాకు బాబాసాహెబుతో చిన్న పేచీ వస్తది. మతాన్ని అంత తేలిగ్గా వదిలేశావేంటయ్యా అని. మనిషికి చేసే భక్తి ఎక్కడైనా నియంతనే తయారు చేసుద్ది. అది మా నాయన డబ్బా దగ్గర చూశాను నేను.

ఇది చదివి కొంతమంది సంబరపడతారని తెలుసు. "చూశావా, మేం చెప్పలా, ఇంటికి తిరిగొచ్చెయ్" అంటారు. ఏ ఇంటికయ్యా? మాదిగపల్లెకి ఊళ్ళో ఇల్లెక్కడుంది తిరిగి రావడానికి? మీ గుమ్మంలో మా అవ్వ ఎప్పుడన్నా కూర్చుందా? మీరు ఫోన్లలో మా అమ్మని గొర్రె అంటారు. మా అమ్మ తెల్లారి నాలుగింటికి లేచి మీ మిరపచేలో కాయ కోసి నన్ను చదివించింది. ఆమెని అనే అర్హత మీకు లేదు. ఆమె అయ్యగారి మీద నాకున్న కోపం మీ చేతికివ్వను.

మన అభ్యుదయ మిత్రులున్నారు. "దేవుడు లేడని తెలుసుకుంటే అయిపోయేదానికి ఇంత ఏడుపెందుకు" అంటారు. దేవుడు ఉన్నాడా లేడా అనే చర్చతో ఒక్క మనిషి బయటికి రాగా నేను చూడలేదు. మా అమ్మకి ఉన్నది దేవుడి భయం కాదు. చచ్చిపోతే శవం ఎవరు మోస్తారనే భయం. వితంతువు, కూలి మనిషి, వయసు అరవై. మందిరంలోనోళ్ళు మోస్తారు. మీరొస్తారా మొయ్యడానికి? వస్తే చెప్పండి, ఆమెకి చెబుతాను.

ఇంకా మనవాళ్ళే, నేను గౌరవించే అన్నలు, "ఇప్పుడు చర్చిల మీద దాడులు జరిగే కాలం, ఇప్పుడా రాయడం" అని అడిగారు. అన్నలారా, దాడి జరిగిన రోజు నేనూ వచ్చి అడ్డం నిలబడతా. కానీ నన్ను ముప్పై ఏళ్ళుగా ఎవరూ "ఇప్పుడు రాయి" అనలేదు. బయట శత్రువు ఉన్నాడు నోరు మూసుకో అనే మాట నాకు కొత్త కాదు, ప్రతి శుక్రవారం రాత్రీ విన్నదే.

ఇక మందిరం పెద్దలకి. నేను మైకు దగ్గరికి రాను. మా అమ్మ అరుగు మీద కూర్చున్నంత కాలం నేనూ అరుగు మీదే కూర్చుని అన్నం తింటా, ఆమె పక్కనే, ఆమె తినకపోయినా. పోయిన నెల వచ్చినప్పుడు నా పిల్లోడు లోపల్నుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. వాడికి ఐదేళ్ళు, వాడికి మీ రూలు తెలీదు. మా అమ్మ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసింది. తాగిందో లేదో రాయను. రాస్తే మీరు ఆమెని లేపి నిలబెడతారు.

మీరొక షరతు పంపారు గనక నేనూ ఒకటి పంపుతున్నా. నా నోటుపుస్తకాలు మీ బీరువాలో ఉన్నాయి. పన్నెండో ఏట నుంచి పంతొమ్మిదో ఏట దాకా, లెక్క ప్రకారం పద్నాలుగు. నీలం అట్టవి తొమ్మిది, బ్రౌను కాగితం అట్ట వేసినవి ఐదు. మీద నా పేరు, తరగతి, సెక్షను రాసుంటాయి. ఆ చేతిరాత నాది. వచ్చే ఆదివారం మా అమ్మ చేతికిచ్చి పంపండి.